మా పార్కింగులో నక్షత్రశాల

వేసవి సెలవుల్లో గుంటూరు బ్రాడీపేటలోని మా అపార్టుమెంటు పిల్లల కోసం సంచార నక్షత్రశాల వారిని పిలిపించాం. కార్లు తీయించి, పార్కింగులో గాలి గుడారం ఊది, 25 మందిని లోపల కూర్చోబెట్టి ఆకాశం చూపించారు. రెండు ఆటలకు 6,000 రూపాయలు. సంస్థ పేరు రాయను, ముందు చెప్పేది ఫిర్యాదే కనుక.

రికార్డు చేసిన గొంతు గోధుమ మరుగుజ్జును ‘చిన్న నక్షత్రం’ అని దాటేసింది. బొమ్మేమో చాక్లెట్ ఉండ! ముప్ఫై ఏళ్లు ఫిజిక్సు చెప్పినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. గురుగ్రహానికి 13 నుంచి సుమారు 80 రెట్ల ద్రవ్యరాశి ఉన్నా, హైడ్రోజన్‌ను నిలకడగా మండించలేని గోళం అది. సూర్యుడిలాంటి నక్షత్రాలకు బాగా దగ్గరగా ఇవి ఎంత అరుదంటే, ఆ వెలితికి శాస్త్రవేత్తలు ‘ఎడారి’ అనే పేరు పెట్టారు.

‘అంత దగ్గరుంటే ఏమవుతుంది?’ అని అడిగాను. నడిపే కుర్రవాడు రికార్డింగు ఆపేసి, ‘బయటికి రండి మాస్టారూ, చూపిస్తాను’ అన్నాడు. ఒకమ్మాయి చున్నీ అడిగి తీసుకున్నాడు. ఎనిమిదో తరగతి బొద్దబ్బాయిని మధ్యలో నిలబెట్టి మెల్లగా తిరగమన్నాడు. రెండో కొస పట్టుకుని ఒక చిన్నపాప చుట్టూ పరుగెత్తింది. వాడు చలించలేదు, పాపే లాగిలాగి వాడి మీద పడింది. ‘ఇది గ్రహం’ అన్నాడు. తర్వాత గోధుమ మరుగుజ్జుగా కబడ్డీ ఆడే పిల్లను దింపాడు. నాలుగు చుట్లలో బొద్దబ్బాయీ ఆమె వేగమే అందుకున్నాడు. ఇద్దరూ ముఖాముఖి, గిరగిరా.

తోడు గోళం నక్షత్ర భ్రమణం కన్నా వేగంగా చుడుతుంటే, దాని ఆకర్షణకు నక్షత్రంపై లేచిన ఆటుపోటు ఉబ్బు వెనకబడి, ఆ తోడును వెనక్కి లాగుతుంది. కక్ష్య కుంచించుకుపోతుంది, నక్షత్రం వేగం పుంజుకుంటుంది. తేలికపాటి గ్రహమైతే ఇలా లోపలికి జారుతూనే పోవచ్చు. గోధుమ మరుగుజ్జుకు మాత్రం నక్షత్రాన్నే తనతో సమానంగా తిప్పగల బరువుంటుంది. 2012లో ప్రకటించిన కెల్ట్-1బి అనే గోధుమ మరుగుజ్జు బరువులో గురుడికి 27 రెట్లు, దాదాపు 29 గంటల్లో ఒక చుట్టు. సూర్యుడికన్నా కొంచెం బరువైన దాని నక్షత్రమూ దాదాపు అదే వేగంతో తిరుగుతోంది. ఇందుకు తారుమారుగా, ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరిగే మన చంద్రుడి సంగతి నేను అందుకోబోతే, మా ఆవిడ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

పిలిచేవారు మధ్యాహ్నం ఆట పెట్టించుకోకండి, లోపల ఉక్కకు పిల్లలు తాళలేరు. రికార్డింగు వద్దని, మనిషే మాట్లాడాలని ముందే చెప్పండి. చున్నీ మాత్రం చిరిగింది. కొత్తది కొనివ్వడానికి అపార్టుమెంటు సంఘం ఒప్పుకోలేదు, నేనే కొన్నాను.