ఏడు రోడ్ల కాడ జిరాక్స్ భాయ్: గవర్నమెంటు నోటీసు తలకెక్కకపోతే ఈడికి పోండి (4 స్టార్లు)

షాపుకు బోర్డు ఉంది గానీ దానిమీద పేరు ఎవురూ చదవరు, కడపలో ఏడు రోడ్ల కాడికి వచ్చి జిరాక్స్ భాయ్ అంటే బండ్ల మీద పండ్లు అమ్మేవాళ్లే చూపిస్తారు. మెట్ల కింద చిన్న రూము, ఒక జిరాక్స్ మిషను, రెండు కంప్యూటర్లు (ఒకటే పని చేస్తాది), ఒక ప్లాస్టిక్ స్టూలు, పైన గరగరమని తిరిగే ఫ్యాను. చూస్తే ఏముంది ఇందులో రివ్యూ రాయడానికి అనిపిస్తాది. పాస్‌పోర్ట్ అప్లికేషన్లు, ఈమైగ్రేట్ (విదేశాలకు పనికి పోయేవాళ్ల గవర్నమెంటు వెబ్‌సైటు) పనులు, ప్రింట్లు అన్నీ చేస్తాడు, అవి ఎవురైనా చేస్తారు. నేను రాస్తాండేది ఆయప్ప నోటీసు చదివి చెప్పే దాని గురించి.

భాయ్ పదకొండేండ్లు కువైట్‌లో ఉండి వచ్చినాడు, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆ కాయితాల భాష పట్టేసినాడు. మనం ఫోన్‌లో ఏదో పీడీఎఫో వాట్సాప్ ఫార్వర్డో చూపిస్తే వెంటనే అర్థం చెప్పడు. ముందు అడిగేది ఒకటే, "ఇది నీకా, కాదా?" అని. ఆ ఎంబసీ వాళ్లు, హోం శాఖ వాళ్లు రాసే నోటీసులో అది ఎవురికో తెలిసే ముక్క రెండో పేజీలో యాడో మూలన ఉంటాది, భాయ్ ఎర్ర పెన్ను తీసుకోని ముందు దాన్ని సున్నా చుడతాడు, తర్వాత ఆఖరి తేదీకి ఒక సున్నా, యే ఆఫీసుకు పోవాలో దానికి ఒక సున్నా. మిగిలిందంతా "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా" అంటాడు, అంటే వదిలెయ్ అని.

నేను మొదట పోయింది మా చిన్నమ్మ కోసం. మాది రాయచోటి పక్క పల్లె, మా ఊర్లో ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. చిన్నమ్మ ఇంటిపని వీసా మీద పోయింది, ఆ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, జీతం సరిగ్గా ఇయ్యక, ఆరు నెలలు ఓర్చుకోని బయటికొచ్చేసింది, ఆయప్ప పారిపోయిందని కేసు పెట్టినాడు, అకామా, అంటే ఆడ ఉండటానికిచ్చే పర్మిట్టు, అయిపోయింది, పాస్‌పోర్ట్ ఆయన కాడే. కువైట్‌లో ఉండేవాళ్లు ఇట్లాంటోళ్లను ఖల్లివల్లి అంటారు. నాలుగేండ్లు అట్లనే దాక్కోని పని చేసుకునింది, కొడుకు పెండ్లికి కూడా రాలేదు, వీడియో కాల్‌లోనే తలంబ్రాలు చూసి ఏడ్సింది.

2024 మార్చిలో వాట్సాప్ నిండా ఆడియోలు, క్షమాభిక్ష వచ్చింది, అందరూ వచ్చేయొచ్చు అని. ఇంకొకడు అది అబద్ధం, పోతే పట్టుకోని జైల్లో వేస్తారంటాడు. మాకు తెలిసిన ఒక ఏజెంటు నలభై వేలిస్తే లిస్టులో పేరు ఎక్కిస్తానన్నాడు. నలభై వేలు! మా బాబాయి అప్పుకు తిరగతా ఉన్నాడు, నేను ఎందుకో ఆ అరబ్బీ ఇంగ్లీషు కలిసిన నోటీసు తీసుకోని భాయ్ కాడికి పోయినా. ఆయన చదివి నవ్వినాడు. "యే లిస్టు అబ్బీ? ఇందులో లిస్టనే మాటే లేదు." ఎర్ర పెన్ను తీసి చెప్పినాడు. మార్చి 17 నుంచి జూన్ 17 దాకా గడువు. అకామా లేకుండా ఉన్నోళ్లు ఈ లోపల జరిమానా కట్టకుండా దేశం విడిచి పోవచ్చు, కొత్త వీసా వస్తే మళ్లా రావచ్చు. ఉండిపోవాలంటే జరిమానా కట్టి కాయితాలు సరిచేసుకోవాల. గడువు దాటినాక దొరికితే పంపించేస్తారు, మళ్లా రానీరు. పాస్‌పోర్ట్ చేతిలో లేదు కాబట్టి ఇండియన్ ఎంబసీలో ఔట్ పాస్, అంటే పాస్‌పోర్ట్ లేకున్నా ఇంటికి రానిచ్చే కాయితం, తీసుకోవాల, కేసు ఉంది కాబట్టి నేరుగా ఎయిర్‌పోర్టుకు పోకుండా ముందు అకామా ఆఫీసులో కనుక్కోవాల. అంతే, ఐదు నిమిషాల్లో చెప్పేసినాడు. ప్రింటు వెనక తెలుగులో చిన్నమ్మకు అర్థమయ్యేటట్టు నాలుగు లైన్లు రాసి, ఫోటో తీసి పంపించు అన్నాడు. ఆయన చేతిరాత కోడి గీకినట్టు ఉంటాది, అయినా చిన్నమ్మ చదువుకునింది.

చార్జీ ఎంత భాయ్ అంటే, ప్రింట్లకు ఇరవై, చెప్పినదానికి ఏమొద్దు.

అప్పుడే ఇంకో సంగతి. జూన్ 12న మంగాఫ్‌లో బిల్డింగ్ తగలబడి నలభై మందికి పైగా మనోళ్లు చనిపోయినారు కదా, ఆ రోజు మా ఊర్లో ఎవురూ అన్నం తినలేదు, ఎవురి ఫోన్ కలిస్తే వాళ్లను అడుగుతాండాం. చిన్నమ్మ ఉండేది వేరే ఏరియా, బాగానే ఉంది, కానీ భయపడిపోయి ఔట్ పాస్ పని నిలబెట్టేసింది. ఇంక ఐదు రోజులే ఉంది. 17వ తేదీ చూస్తే ఈడ బక్రీదు, షాపు మూసేసినారు. నేను భాయ్‌కి ఆరుసార్లు ఫోన్ చేసినా, ఎత్తలా. సాయంత్రం వాయిస్ మెసేజ్ పెట్టినాడు, "జూన్ 30 దాకా పెంచినారు, ఎంబసీ నోటీసు చూడు, కింద లింకు పంపిస్తాండా, ముందు మీరు అన్నం తినండి" అని. పండగ రోజు, ఇంట్లో చుట్టాలు ఉండి కూడా. చిన్నమ్మ ఆ నెల 27న దిగింది. ఏజెంటు తర్వాత కూడా ఫోన్ చేసి నా వల్లే పనైంది అన్నాడు, అది వేరే కథ.

ఇంక ఆయప్ప కోపం గురించి చెప్పాల. మొన్న నేను ఆధార్ ప్రింటుకు పోయినప్పుడు ఒక అక్క వచ్చింది, ఇరవై ఏడేండ్లు ఉంటాయి, చంకలో పిల్ల. టికెట్ ప్రింటు కావాల అనింది. భాయ్ టికెట్ చూసినాడు, దుబాయ్‌కి విజిట్ వీసా. పాస్‌పోర్ట్ చూపియ్యమ్మా అన్నాడు. తిప్పినాడు, అడ్రస్ ఉండే ఆఖరి పేజీ తీసి వేలు పెట్టినాడు, ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంది. "యాడికి పోతాండావు?" "దుబాయ్‌కి, ఆణ్నుంచి కువైట్‌కి పంపిస్తారంట, ఇంటి పని." భాయ్ ప్రింటర్ ఆఫ్ చేసినాడు, నిజంగా స్విచ్ తీసేసినాడు. షాపులో ఉన్న అందరం గమ్మున అయిపోయినాం.

తర్వాత ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి నిదానంగా చెప్పినాడు, నేను కూడా అప్పుడే సరిగ్గా విన్నా. టెన్త్ పాస్ కాని వాళ్ల పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ అని వేస్తారు. అట్లాంటోళ్లు పద్దెనిమిది దేశాలకు పనికి పోవాలంటే ముందు మన ప్రభుత్వం క్లియరెన్స్ ఇయ్యాల, గల్ఫ్ దేశాలన్నీ ఆ లిస్టులోవే. దానికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అని ఆఫీసు ఉంటాది, ఇప్పుడు అంతా ఈమైగ్రేట్ వెబ్‌సైటులోనే జరుగుతాది. ఈసీఆర్ ఉన్న ఆడోళ్లకు ముప్పై ఏండ్లు నిండకపోతే ఆ క్లియరెన్స్ రాదు, అందుకే ఏజెంట్లు విజిట్ వీసా మీద దొంగదారిన పంపిస్తారు. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ వాళ్లు నాలుగు ప్రశ్నలేసి వెనక్కి పంపిస్తే టికెట్ డబ్బులు పాయె. అదృష్టం బాగలేక దాటిపోతే ఇంకా కష్టం, ఎందుకంటే నువ్వు పనికి పోయినట్టు మన గవర్నమెంటు కాడ ఒక్క కాయితం ఉండదు. క్లియరెన్స్ తీసుకోని పోతే ఇన్సూరెన్స్ ఉంటాది, ప్రవాసీ భారతీయ బీమా, రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. యాక్సిడెంట్‌లో చచ్చినా కాళ్లు చేతులు పోయినా పది లక్షలు. "275 రూపాయలమ్మా, ఒక బిర్యానీ" అన్నాడు భాయ్. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోవాల్సింది ముప్పై వేలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి అడగకూడదు. ఆమెను ఎంత అడిగినారో ఆమె చెప్పలేదు, తల వంచుకోని పిల్ల గౌను సర్దతా కూర్చునింది. భాయ్ 1800113090 అని ఒక చీటీ మీద రాసిచ్చినాడు, అది విదేశాలకు పోయేవాళ్ల హెల్ప్‌లైను, ఫ్రీ. ఆమె పోయిందో ఆగిపోయిందో నాకు తెల్దు. టికెట్ పక్క షాపులో ప్రింటు తీసుకోని ఉండొచ్చు కూడా.

2025 సెప్టెంబర్‌లో కొత్త ఇమిగ్రేషన్ చట్టం వచ్చినప్పుడు మా ఊరి గ్రూపులో ఒకటే గోల, పాస్‌పోర్ట్‌లో తప్పుంటే ఐదేండ్లు జైలంట, ఐదు లక్షలు జరిమానా అంట అని. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు స్పెల్లింగు తప్పు ఉన్నోళ్లంతా వణుకుతాండారు, మా బావతో సహా. భాయ్ అదే ప్రశ్న, నీకా కాదా. ఆ ఐదేండ్ల శిక్ష సరైన పాస్‌పోర్ట్ వీసా లేకుండా మన దేశంలోకి వచ్చే విదేశీయులకు, 1920, 1939, 1946 నాటి పాత చట్టాలు, 2000 నాటిది ఒకటి, అన్నీ తీసేసి సెప్టెంబర్ 1 నుంచి ఒకే చట్టం పెట్టినారు. స్పెల్లింగు తప్పుకు కాదు. "కానీ ఇది మాత్రం మనోళ్లకు కూడా" అని ఇంకో చోట సున్నా చుట్టినాడు. దొంగ పాస్‌పోర్టో దొంగ వీసానో అని తెలిసి దాంతో దేశం దాటితే రెండేండ్ల నుంచి ఏడేండ్లు, లక్ష నుంచి పది లక్షలు. సప్లై చేసినోడికి కూడా అంతే. ఆ ముక్క గ్రూపులో ఒక్కరూ పెట్టలా చూడండి, ఎందుకంటే గ్రూపులో ఏజెంట్లు కూడా ఉంటారు కదా.

తుఫాను, వరద మెసేజులు కూడా అడగొచ్చు. 2023లో ఫోన్లకు టెస్ట్ అలర్ట్ వచ్చినప్పుడు నేను ఆడనే ఉన్నా, షాపులో ఉన్న ఏడెనిమిది ఫోన్లు ఒకేసారి కుయ్యోమని అరిచినాయి, ఒక అవ్వ ఫోన్‌ను చేతిలో నుంచి ఇసిరేసింది. అది శాంపిల్, ఏమీ చెయ్యబల్లేదు అని అందులోనే రాసి ఉంది, భాయ్ చదివి చెప్పినాడు. ఆ తర్వాత చానా మంది సెట్టింగుల్లో ఆ అలర్ట్ ఆపేసుకున్నారు, నేను కూడా. మొన్న నా ఫోన్ చూసి తిట్టి మళ్లా ఆన్ చేసినాడు. "2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెల్లారుజామున తెగింది, మంచాల మీద ఉన్నోళ్లు మంచాల మీదనే పోయినారు, నీకు శబ్దం కష్టమైందా?" అన్నాడు. నాకు నోట మాట రాలా. విపత్తుల సంస్థ వాళ్లు పంపే పిడుగు మెసేజులు మాత్రం బాగుంటాయి అంటాడు, ఏ మండలం, ఏం చెయ్యాల, చెట్ల కింద నిలబడొద్దు అని సూటిగా ఉంటాయి, నంబర్లు 112, 1070, 1800 425 0101. అన్ని ఆఫీసులోళ్లు వీళ్ల కాడ నేర్చుకోవాల అంటాడు, నేను ఒప్పుకుంటా.

2025 జూన్ 23 రాత్రి ఖతార్ మీద మిసైళ్లు పడినప్పుడు కువైట్ ఆకాశం కూడా మూసేసినారు. మా బావకు మర్నాడే ఫ్లైటు. భాయ్‌కి రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తే ఎత్తినాడు, ఎయిర్‌లైన్ మెసేజ్ వచ్చేదాకా కదలొద్దు, టీవీ ఆపేసి పండుకో అన్నాడు. ఆ రాత్రే మళ్లా తెరిచినారు. తెల్లారి షాపులో ఒక పెద్దాయన, 1990లో ఇరాక్ వచ్చి కువైట్ మీద పడినప్పుడు ఆడ ఉన్నాడంట, బస్సుల్లో ఎడారి దాటి అమ్మాన్ పోయి, ఆణ్నుంచి బొంబాయికి విమానం ఎక్కినానని చెప్తా ఉన్నాడు. "అప్పుడు నోటీసు లేదు ఏమీ లేదు నాయనా, ఎవురో బస్సు వచ్చిందంటే ఎక్కినాం."

ఒక స్టారు ఎందుకు తగ్గించినా అంటే, గొంతు. భాయ్ మెల్లగా మాట్లాడలేడు. చిన్నమ్మ మీద పారిపోయిన కేసు ఉందని షాపులో గట్టిగా చెప్పినాడు, ఆ క్యూలో మా ఊరోళ్లు ఇద్దరు ఉన్నారు, నేను బస్సు దిగేలోపల మా వీధికంతా తెలిసిపోయింది. మా బాబాయి వారం రోజులు నాతో మాట్లాడలా. అడిగితే "కేసు ఉండేది నిజమే కదా" అంటాడు, అది నిజమే గానీ. మీ ఇంటి సంగతులు ఉంటే పొద్దున పదికి ముందే పోండి, ఎవురూ ఉండరు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూసేస్తాడు, మూడు దాకా రాడు. ఫోన్‌పే ఉంది గానీ పది రూపాయలకు స్కాన్ చేస్తే మొఖం మాడుస్తాడు, చిల్లర తీసుకోని పోండి.

ఇప్పుడు చిన్నమ్మ మళ్లా కువైట్ పోతానంటాంది. ఇల్లు సగంలో ఆగిపోయింది, కొడుకు సంపాదన చాలదు. మేమంతా వద్దన్నాం. భాయ్ వద్దనలా, వయసు అడిగినాడు, నలభై రెండు. టెన్త్ లేదు. విదేశంలో మూడేండ్లకు పైగా ఉన్నోళ్లకు ఈసీఆర్ తీసేస్తారని రూలు ఉంది, పాత పాస్‌పోర్ట్ జిరాక్స్ ఏమైనా ఉందా అని అడిగినాడు. మా అమ్మ బియ్యం డబ్బాలో కవర్ చుట్టి దాచిపెట్టి ఉండాది, తవుడు దులిపి తీసుకోని పోయినాం. సోమవారం రమ్మన్నాడు, పదికి ముందు.