ఎలక్టర్లందరూ ఒకరికేనా, నియోజకవర్గాల వారీగానా?

అమెరికా అధ్యక్షుణ్ని ఎన్నుకునే 538 మంది ఎలక్టర్లను ఏ పద్ధతిలో నియమించాలన్నది రాజ్యాంగం ఆయా రాష్ట్రాల శాసనసభలకే వదిలిపెట్టింది కనుక, నేడు అక్కడ రెండు పద్ధతులు పక్కపక్కనే నడుస్తున్నాయి. 48 రాష్ట్రాల్లోనూ, రాజధాని వాషింగ్టన్‌లోనూ ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఎలక్టర్లందరూ గెలిచినవారి ఖాతాలోకే వెళతారు. 2000లో ఫ్లోరిడాలో జార్జ్ బుష్‌కు వచ్చిన ఆధిక్యం 537 ఓట్లే. అయినా ఆ రాష్ట్రపు 25 మంది ఎలక్టర్లూ, వారితోపాటే అధ్యక్ష పదవీ ఆయనకు దక్కాయి.

మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాల దారి వేరు. అక్కడ రాష్ట్రం మొత్తం మీద గెలిచినవారికి ఇద్దరు ఎలక్టర్లు, ప్రతినిధుల సభ నియోజకవర్గాల్లో నెగ్గినవారికి ఒక్కోచోట ఒక్కరు చొప్పున లభిస్తారు. రిపబ్లికన్లకు పెట్టని కోటలాంటి నెబ్రాస్కాలో, ఒమాహా నగరమున్న రెండో నియోజకవర్గం 2008లో ఒబామా వైపు, 2020లో బైడెన్ వైపు, 2024లో హారిస్ వైపు, అంటే ప్రత్యర్థి డెమోక్రాట్ల వైపు నిలిచింది. మొదటి పద్ధతిలోనైతే ఆ ఓటర్ల మొగ్గు లెక్కలోకే వచ్చేది కాదు.

పైకి రెండోదే న్యాయంగా తోస్తుంది, కానీ దాన్ని దేశమంతటికీ విస్తరించడం మరింత ప్రమాదకరమని నా అభిప్రాయం. రాష్ట్రాల సరిహద్దులను ఎవరూ జరపలేరు; నియోజకవర్గాల హద్దులనైతే పదేళ్లకోసారి జనగణన తరువాత, చాలాచోట్ల శాసనసభలో మెజారిటీ ఉన్న పార్టీయే తనకు అనువుగా గీసుకుంటుంది. 2012 ఓట్లను ఈ పద్ధతిలో లెక్కిస్తే, ఒబామా కన్నా దాదాపు 50 లక్షల ఓట్లు వెనుకబడిన రిపబ్లికన్ అభ్యర్థి రోమ్నీయే 274–264 తేడాతో గెలిచి ఉండేవారు.