డీఈడీఆర్ సమీక్ష: ‘ఆరు’ కావాలంటే ‘చ’లో వెతకమనే నిఘంటువు

ఫలానా తెలుగు మాట తమిళంలోంచి వచ్చిందా, సంస్కృతంలోంచి వచ్చిందా అనే పంచాయితీ తీర్చుకోడానికి చాలామంది తెరిచే పుస్తకం బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు. పంచాయితీ కోసం తెరిస్తే మాత్రం నిరాశ తప్పదు. ఏది ఎందులోంచి వచ్చిందో ఈ పుస్తకం దాదాపుగా చెప్పదు. వేర్వేరు ద్రావిడ భాషల్లో చుట్టరికమున్న మాటలన్నిటినీ ఒక వరసలో నిలబెట్టి, వరసకో నంబరు వేసి పక్కకు తప్పుకుంటుంది. ఆ సంగతి ముందే తెలిసి తెరిచినవాళ్లకు ద్రావిడ భాషాశాస్త్రంలో ఇంతకు మించిన పనిముట్టు లేదు.

మొదటి కూర్పు 1961లో, అనుబంధం 1968లో వచ్చాయి. ఇప్పుడు అందరూ వాడేది 1984లో ఆక్స్‌ఫర్డ్ క్లారెండన్ ప్రెస్ వేసిన రెండో కూర్పు. డీఈడీఆర్ అంటే ఇదే. ‘డీఈడీ’ నిఘంటువు ఇంగ్లీషు పేరుకు పొట్టిరూపం, చివరి ‘ఆర్’ సవరించినది అని చెప్పే అక్షరం. ఇందులో 5557 ఆరోపాలు, అంటే నంబరు వేసిన పదాల వరసలు, ఉన్నాయి. బరో ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృత ఆచార్యుడు, ఎమెనో బర్క్‌లీలో భాషాశాస్త్ర ఆచార్యుడు. ఇద్దరూ పుస్తకాలకే పరిమితమైనవాళ్లు కారు. తొద, కోత, కొడగు, కొలామీ భాషలను ఎమెనో మాట్లాడేవాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్నాడు. పర్జీ, పెంగో భాషల మీద బరో, సుధీభూషణ్ భట్టాచార్య కలిసి పనిచేశారు. అందుకే ఈ చిన్న భాషల మాటలు ఇందులో నమ్మకంగా కనబడతాయి. పుస్తకం మొత్తాన్ని షికాగో విశ్వవిద్యాలయంవారి దక్షిణాసియా డిజిటల్ నిఘంటువుల సైట్లో ఉచితంగా వెతుక్కోవచ్చు.

దీని అసలు విలువ నంబర్లలో ఉంది. వ్యాసంలో ‘డీఈడీఆర్ 474’ అని రాస్తే తిరువనంతపురంలో చదివేవాడికీ, అన్నామలైలో చదివేవాడికీ, బర్క్‌లీలో చదివేవాడికీ అది ‘రెండు’ అనే మాట కుటుంబమే. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడ భాషల మీద 2003లో కేంబ్రిడ్జ్ ద్వారా వెలువరించిన గ్రంథంలో కూడా ఉదాహరణల పక్కన ఈ నంబర్లే ఉంటాయి. ఒక్క జాగ్రత్త: 1984కు ముందు వచ్చిన వ్యాసాల్లోని నంబర్లు పాత కూర్పువి. వాటిని కొత్త కూర్పులో వెతికితే సంబంధం లేని మాట ఎదురవుతుంది. పాత కూర్పు నుంచి వచ్చిన ఆరోపాల చివర్లో పాత నంబరు కూడా ఇచ్చారు, దాంతో సరిచూసుకోవాలి.

ఇక వెతకడం. పాఠమంతా రోమన్ లిపిలో ఉంది కనుక తెలుగు లిపితో ప్రయత్నించడం వృథా. దీర్ఘానికి అక్షరం మీద గీత, ట వర్గానికి కింద చుక్క, శకటరేఫకు (ఱ) కింద గీత. తమిళ ‘ఴ’ దగ్గరే చాలామంది బోర్లాపడతారు. మిగతా పుస్తకాలు దాన్ని ఎక్కువగా కింద గీత ఉన్న ఎల్‌తో రాస్తే, ఇందులో అది కింద చుక్క పెట్టిన జెడ్. వేరే పుస్తకంలోని రూపాన్ని ఎత్తి తెచ్చి అతికిస్తే దొరకనిది అందుకే. తెలుగు మాటలకు ఇంకో మెలిక ఉంది: మనం ఇప్పుడు మామూలు ‘ర’తో రాసే ‘ఆరు’ ఇక్కడ ‘ఆఱు’గా ఉంటుంది. చుక్కలూ గీతలూ వదిలేసి ఉత్త అక్షరాలతో వెతికి, వచ్చినవాటిలోంచి ఏరుకోవడం మేలు. ఆరోప పదాల్లో మాత్రమే వెతికితే తెలుగువాడికి మిగిలేది చాలా తక్కువ. వరసలో మొదట నిలబడేది సాధారణంగా తమిళం, అది లేకపోతే మలయాళం. కనుక పాఠం మొత్తంలో వెతకాలి. అలా కూడా దొరక్కపోతే ఇంగ్లీషు అర్థంతో వెతకాలి.

అమరిక అర్థం కావాలంటే అంకెలతో ఒక పరీక్ష చాలు. ఒకటి 990, రెండు 474, మూడు 5052, నాలుగు 3655, ఏడు 910, ఎనిమిది 784, పది 3918. క్రమం తమిళ అక్షరమాలది: అచ్చులన్నీ అయ్యాక క, చ, త, న, ప, మ అంటూ సాగుతుంది. ఏడు, ఎనిమిది వెయ్యిలోపే ఉండి, మూడు ఐదువేలు దాటడానికి కారణం ఇదే. ఆ లెక్కన ‘ఐదు’, ‘ఆరు’ కూడా మొదట్లోనే అచ్చుల మధ్య ఉండాలి. అవేమో 2826, 2485, రెండూ ‘చ’ విభాగంలో. తమిళంలోనూ ఇవి అచ్చుతోనే మొదలవుతాయి గదా అంటే, గోండీని చూడాలి. అక్కడ ఐదు ‘సయ్యూంగ్’, ఆరు ‘సారూంగ్’. మూలద్రావిడంలో (ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అనుకునే భాషలో) ఉన్న తొలి ‘చ’ తమిళ తెలుగుల్లో రాలిపోయింది, గోండీలో ‘స’గా నిలిచింది. ఉప్పు కూడా ఇంతే: 2674లో, ‘చ’ కిందే ఉంది, గోండీలో ‘సొవర్’. ఇక్కడో చిత్రం ఉంది. పుస్తకంలో ఎక్కడా పునర్నిర్మిత రూపాలు, అంటే పోల్చి ఊహించిన మూలరూపాలు, ఇవ్వకూడదని సంపాదకులు గట్టిగా తీర్మానించుకున్నారు. ఇవ్వలేదు కూడా. కానీ ఆరోపాన్ని ఎక్కడ పెట్టారో చూస్తే, మూలరూపం గురించి వాళ్ల అభిప్రాయం చెప్పకనే తెలుస్తుంది.

తెలుగువాళ్లను ఎక్కువగా తికమకపెట్టేది వర్ణవ్యత్యయం, అంటే మాటలో ధ్వనులు చోటు మార్చుకోవడం. ‘రోలు’ ‘ర’లో ఉండదు. తమిళంలో ‘ఉరల్’, కనుక ‘ఉ’లో ఉంటుంది. ‘లేత’కు తమిళ చుట్టం ‘ఇళ’, అది ‘ఇ’లో. ‘దిగు’ (పాత తెలుగులో ‘డిగు’) తమిళ ‘ఇఴి’తో కలిసి ‘ఇ’లోనే ఉంటుంది. ఇది చూసి అచ్చుతప్పు అనుకునేవాళ్లున్నారు. రెండో ఉచ్చు తాలవ్యీకరణ, అంటే పాత ‘క’ ‘చ’గా మారడం. ‘చెవి’ తమిళంలోనూ ‘చెవి’యే కాబట్టి ‘చ’లో ఉంటుందని ధీమాగా వెళ్తాం. ఉండేది 1977లో, ‘క’ కింద. కన్నడ ‘కివి’, కోత ‘కెవ్’ పాత హల్లును దాచిపెట్టాయి మరి. మూడోది సులువు: తెలుగు మాట మొదట్లో గ, జ, ద, బ ఉంటే వాటి పరుషాల (క, చ, త, ప) కింద చూడాలి. గుర్రం ‘క’లో, తమిళ ‘కుదిరై’ పక్కన కనిపిస్తుంది.

దొరికిన ఆరోపాన్ని చదవడం ఇంకో విద్య. తమిళం, మలయాళం, నీలగిరి భాషలు, కన్నడం, కొడగు, తుళు అయ్యాక తెలుగు. తర్వాత కొలామీ, నాయకీ, పర్జీ, గదబ. అవి దాటాక గోండీ, కొండ, పెంగో, మండ, కుయి, కువి. చివర కుఁడుఖ్, మాల్తో, బ్రాహూయీ. తెలుగుకు దగ్గరి తోబుట్టువులుగా ఇప్పుడు లెక్కించేవి గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ. వరసలో మాత్రం తెలుగుకూ వాటికీ మధ్య నాలుగైదు భాషలు అడ్డంగా నిలబడ్డాయి. పక్కనున్నదే దగ్గరి చుట్టం అనుకుంటే పొరపాటు. తెలుగు మాట చరిత్ర కావాలంటే తమిళం కంటే ముందు కళ్లు గోండీ, కొండల మీదకు పోవాలి.

భాషల పేర్ల పొట్టి గుర్తుల్లో ఒక ప్రమాదముంది. వరసలో ‘మా.’ అంటే మలయాళం, ‘కో.’ అంటే కోత. అవే గుర్తులు గోండీ తర్వాత కుండలీకరణాల్లో వస్తే మారియా, కోయ మాండలికాలు. తొందరలో చదివి, కోయమాటను నీలగిరులకు పంపించినవాళ్లు లేకపోలేదు. తెలుగు రూపం పక్కన ‘వి.పి.కె.’ కనబడితే అది మాండలిక వృత్తి పదకోశం నుంచి తీసుకున్నదని. వ్యవసాయ పదాల మొదటి సంపుటం 1962లో వచ్చింది. నాగలి భాగాలు, నాట్లు, కళ్లాల మాటలు ఇక్కడికి చేరింది ఆ దారినే, నిఘంటువుల దారిన కాదు.

ఆరోపం చివర్లో ఏటవాలు గీత (/) తర్వాత సంస్కృత మాట ఉంటే దాన్ని ‘సంస్కృతం నుంచి’ అని చదవకూడదు. ‘పోల్చి చూడు’ అని మాత్రమే అర్థం. ‘నీరు’ 3690లో, ‘మీను’ 4885లో ఉన్నాయి. వాటి చివర ‘నీర’, ‘మీన’ కనబడతాయి. ఆ సంస్కృత మాటలే ద్రావిడం నుంచి పోయినవన్నది చాలామంది పండితుల మాట. ప్రశ్నార్థకం ఉన్న రూపాలను సంపాదకులే అనుమానించారు. వాటిని రుజువుగా వాడుకుంటే తప్పు వాడుకున్నవాళ్లదే. ఇండో ఆర్యన్ నుంచి ద్రావిడంలోకి వచ్చిన అరువు మాటలను వీళ్లిద్దరే 1962లో విడిపుస్తకంగా వేశారు. ఒక మాట ఇందులో లేకపోతే అది ద్రావిడం కాదని తేల్చేముందు దాన్నీ తిరగేయాలి.

లోపాలు చిన్నవేం కావు. 1984 తర్వాత సేకరించిన క్షేత్ర సామగ్రి ఏదీ ఇందులో లేదు. మాల్తోకు ప్రధాన ఆధారం 1884 నాటి డ్రోస్ పుస్తకం, కుయికి 1929 నాటి విన్‌ఫీల్డ్, బ్రాహూయీకి డెనిస్ బ్రే. ఆ భాషల్లో ఒక రూపం లేదంటే, మాటే లేదనో, ఎవరూ రాసుకోలేదనో తేల్చడం కష్టం. అర్థాలు కొన్నిచోట్ల మరీ వదులుగా ఉంటాయి. ఒకే నంబరు కింద ఎ, బి అని విడగొట్టారంటే చుట్టరికం సంగతి సంపాదకులకే పూర్తిగా తేలలేదని అనుకోవచ్చు. మూలరూపాలే కావాలనుకుంటే కృష్ణమూర్తి గ్రంథం చివరి పదపట్టిక నయం. రష్యన్ భాషాశాస్త్రవేత్త జార్జ్ స్టారోస్టిన్ డేటాబేస్‌లో ప్రతి ఉపశాఖకూ విడివిడి పునర్నిర్మాణాలు దొరుకుతాయి గానీ, వాటిని మూల సామగ్రితో సరిచూడకుండా ఎత్తిరాయకూడదు.

అచ్చుపుస్తకమా, ఆన్‌లైనా అంటే రోజువారీ వెతుకులాటకు ఆన్‌లైన్. సంస్కృత పోలికకు టర్నర్ కూర్చిన ఇండో ఆర్యన్ భాషల తులనాత్మక నిఘంటువు కూడా అదే సైట్లో ఉంది, రెండు కిటికీలు పక్కపక్కన తెరుచుకోవచ్చు. అచ్చుపుస్తకానిది వేరే బలం: 853 పేజీల్లో పెద్దభాగం భాషలవారీ అకారాది సూచికలే. తెలుగు సూచికలో ‘దిగు’ చూస్తే పక్కనే నంబరు. ‘ఇ’లో ఉందో ‘ద’లో ఉందో బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఉత్తరాది భాషల చిన్న సూచికలను ఆ పేజీల్లో వరసగా చదువుతూపోతే, తెర మీద ఎప్పటికీ వెతకాలని తోచని మాటలు కంటపడతాయి.