ఉగాదికి పాపర్, శ్రీరామనవమికి జిగ్: ఓరుగల్లు నుంచి అండమాన్ గాలం యాత్ర

అండమాన్‌కు చేపల వేటకు పోవాలనుకుంటే టికెట్ ధరల కంటే ముందు పంచాంగం చూడాలి. ఉగాది అమావాస్య మరునాడు వస్తుంది. పాడ్యమి, విదియ, తదియల్లో సముద్రపు పోటు గట్టిగా ఉంటుంది. పగడపు దిబ్బల మీదుగా నీళ్లు మత్తడి దుంకినట్టు పారుతాయి, చిన్న చేపలు ఆ పారుదలలో కొట్టుకొస్తాయి, వాటి కోసం పెద్ద పార చేప దిబ్బ అంచుకు ఎక్కుతుంది. గాలం వేసేవాళ్లంతా జీటీ (జెయంట్ ట్రెవల్లీ) అని పిలిచేది దీన్నే. పాపర్, అంటే నీటి మీద చప్పుడు చేస్తూ కదిలే నకిలీ చేప, విసరడానికి అంతకంటే మంచి రోజులు ఉండవు. జిగ్ అనే బరువైన లోహపు ఎరను అడుగు దాకా దించి ఆడించే జిగ్గింగ్‌కు మాత్రం అవే రోజులు పనికిరావు. 200 గ్రాముల జిగ్ కూడా నిలువుగా దిగదు, దారం ఏటవాలుగా కొట్టుకుపోతుంది, అడుగు తగిలిందో లేదో చేతికి తెలియదు. శ్రీరామనవమి నాటికి చంద్రుడు సగానికి వస్తాడు, పోటుకూ పాటుకూ తేడా తగ్గుతుంది. జిగ్ పట్టుకుని పోవాల్సింది అప్పుడు. హోలీ నాడు పున్నమి, పోటు అప్పుడూ గట్టిదే గనుక దానికీ ఉగాది లెక్కే.

ఇంకో తేదీ ఏప్రిల్ 15. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, అండమాన్‌తో కలిపి తూర్పు తీరమంతా మర పడవల వేటకు నిషేధం. కొన్నేళ్లు శ్రీరామనవమే ఏప్రిల్ మధ్యకు జరుగుతుంది. అలాంటప్పుడు పడవ బయల్దేరుతుందా లేదా అన్నది రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే అడ్వాన్సు కట్టాలి.

శంషాబాద్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు నేరుగా పోయే విమానం సుమారు రెండున్నర గంటలు. 2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. హనుమకొండ నుంచి ఘట్‌కేసర్ మీదుగా రింగ్‌రోడ్డు ఎక్కినా విమానాశ్రయానికి మూడు గంటలు పట్టుకోవాలి. సామాను మామూలుగా 15 కిలోలు. పది పాపర్లు, పది జిగ్‌లకే మూడున్నర కిలోలు పోతాయి, రెండు పెద్ద రీళ్లు కలిపితే ఐదు దాటుతుంది. హుక్కులు ఏవీ చేతి సంచిలో పెట్టొద్దు. ఒకే ముక్క రాడ్ కంటే రెండు ముక్కలది నయం, కౌంటర్ దగ్గర పొడవు మీద పేచీ ఉండదు.

బస పోర్ట్‌బ్లెయిర్‌లోనా, హేవ్‌లాక్‌లోనా? వేటే ముఖ్యమైతే పోర్ట్‌బ్లెయిర్. జంగ్లీఘాట్ చుట్టుపక్కల గది తీసుకుంటే చాలు. సముద్రం కనిపించే ఖరీదైన గది దండగ, తెల్లారకముందే పోయి పొద్దుగూకాక వచ్చేవాళ్లకు కిటికీతో పనేముంది? పైగా ఆ వీధుల్లో తెలుగు బాగా వినపడుతుంది. అడగాల్సింది ఒక్కటే, తెల్లవారుజామున 4 గంటలకు టిఫిన్ కట్టిస్తారా అని. అక్కడ మార్చిలో ఐదున్నర లోపే వెలుగొస్తుంది, సాయంత్రం ఐదున్నరకే చీకటి ముసురుతుంది. మన గడియారం లెక్కన 8 గంటలకు పడవెక్కితే మంచి వేళ దాటిపోయినట్టే.

ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్న హేవ్‌లాక్, ఇంట్లోవాళ్లు కూడా వస్తే బాగుంటుంది. కానీ పోను ఒక పూట, రాను ఒక పూట ఫెర్రీకే పోతాయి. 3, 5 నంబర్ల బీచ్‌ల దగ్గర దిగితే ఇంకో తిప్పలుంది. పాటు వేళ నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు తేలుతాయి, పడవ ఒడ్డుకు రాదు. ఉగాది రోజుల్లో ఇది మరీ ఎక్కువ. జెట్టీ దగ్గరే ఎక్కించుకుంటామని ముందే చెప్పించుకోవాలి.

అసలు డబ్బు పోయేది పడవ మీద. కిరాయి ఎక్కువగా పడవ లెక్కన ఉంటుంది, తల లెక్కన కాదు. అందుకని ఖర్చు తగ్గుతుందని ఆరుగురు ఎక్కుతారు, అక్కడే యాత్ర చెడుతుంది. ముందు డెక్ మీద ఒకేసారి ఇద్దరే పాపర్ విసరగలరు, మూడోవాడు చేయి వెనక్కి ఎత్తితే హుక్కు ఎవరి చెవికో తగులుతుంది. నలుగురికి మించొద్దు. రెండు ఇంజన్లు ఉన్నాయా, వీహెచ్‌ఎఫ్ రేడియో పనిచేస్తుందా, లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా, నీడ ఉందా, ఐసు ఎంత తెస్తారు: ఇవి ఫోన్‌లోనే అడగండి. దిబ్బ చేరడానికి ఎన్ని గంటలో కూడా అడగాలి. ఎనిమిది గంటల కిరాయిలో నాలుగు గంటలు ప్రయాణానికే పోతే మిగిలేది సగం రోజు. వండూరు దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ పార్కులో, రిచీ ద్వీపసమూహంలోని రాణీ ఝాన్సీ పార్కులో వేట నేరం. అక్కడికి తీసుకుపోతామనే పడవను వదిలేయడమే మంచిది.

గాలం సామాను పడవవాళ్లదే వాడుకోవచ్చు గానీ, దారం, దాని కొసకు ఎర ముందు కట్టే మందపాటి లీడర్ సొంతవి తీసుకుపోవడం మేలు. పాపింగ్‌కు 80 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం), 130 నుంచి 150 పౌండ్ల లీడర్ రెండు మీటర్లు. పెద్ద చేపలు పోయేది ఎక్కువగా ఈ రెంటినీ కలిపే ముడి దగ్గరే. అక్కడ వేసే ఎఫ్‌జీ అనే ముడికి బ్రెయిడ్‌ను బిగుతుగా లాగి పట్టి, లీడర్‌ను పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి, మొత్తం ఇరవై చుట్లు అల్లాలి. తడి చేసి, గ్లౌజులు వేసుకుని, రెండు వైపులా బలంగా లాగాలి. అల్లిక సన్నబడి రంగు ముదిరితే ముడి లీడర్‌లోకి కరిచినట్టు. రంగు మారలేదా, విప్పి మళ్లీ వేయాల్సిందే. డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు రీల్ దారం వదిలే బిగువు, దారం బలంలో మూడో వంతు, అంటే 12 కిలోలు, స్ప్రింగ్ త్రాసుతో చూసుకోవాలి.

మనవాళ్ల చేతి అలవాటు ఒకటి ఇక్కడ దెబ్బతీస్తుంది. కొర్రమీను అందుకోగానే గాలం కర్రను నెత్తిమీదికి ఎత్తేస్తాం. జీటీ దగ్గర అలా ఎత్తితే రాడ్ కొన దగ్గర పటుక్కున విరుగుతుంది. కర్రను నడుము ఎత్తులోనే ఉంచి, పక్కకు రెండుసార్లు గట్టిగా గుంజాలి. మొదటి అర నిమిషంలో చేప దిబ్బలోకి దూరనివ్వకపోతే సగం పని అయినట్టే. దూరిందంటే బ్రెయిడ్ పగడానికి తగిలి నూలుపోగులా తెగుతుంది.

కడుపులో తిప్పుతుందనుకునేవాళ్లు డాక్టర్‌ను అడిగి అవోమిన్ లాంటి మాత్ర ఎక్కేముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక మాత్ర లోపల నిలవదు. పూరీలు వద్దు, ఖాళీ కడుపూ వద్దు. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు సరి.

అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు విశాఖ ఉంది. కాజీపేటలోనో, వరంగల్‌లోనో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. మనం వంజరం అనే చేపను అక్కడ కోనాం అంటారు. కానీ దొరికేవి ఎక్కువగా జాలరి పడవలు: నీడ ఉండదు, రాడ్ పెట్టే చోటు ఉండదు, డీజిల్ పొగ మొహానికే కొడుతుంది. నకిలీ చేపను పడవ వెనక కట్టి లాగడం వరకు పరవాలేదు. పాపింగ్‌కు పనికిరావు.

తిరుగు విమానానికి ముందు రాత్రి రీళ్లు కడగడం మరవొద్దు. డ్రాగ్ బిగించి, మంచినీళ్లు పైనుంచి సన్నగా చిలకరించాలి. బకెట్లో ముంచినా, కుళాయి ధార కింద పెట్టినా ఉప్పు లోపలికే పోతుంది. తుడిచి ఆరబెట్టాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి సర్దుకోవాలి.