మా గౌరి గేదెని బొమ్మగా కుట్టించుకున్నాం, సత్యనారాయణపురం అక్క దగ్గర

ముందే చెప్పేస్తున్నా, ఇది షాపు కాదు, బోర్డు కూడా ఉండదు. విజయవాడ సత్యనారాయణపురంలో డాబా మీద రెండు గదుల ఇల్లు, ముందు గదిలో కుట్టు మిషను, పక్కన మంచం, మంచం నిండా బొమ్మల కాళ్ళూ చెవులూ. మొదటిసారి వెళ్ళినప్పుడు మా చిన్నోడు ఆ కాళ్ళ కుప్ప చూసి ఏడుపు లంకించుకున్నాడు, చంటిపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు చూసుకోండి మరి.

అసలు గేదె బొమ్మ ఎందుకు అంటే, కొల్లిపర దగ్గర మా అమ్మ వాళ్ళింట్లో గౌరి అని ఒక గేదె ఉండేది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువై ఇక చాకిరీ చెయ్యలేక పోయిన వేసవిలో అమ్మేసింది. సెలవులకి వెళ్ళిన మా పాప ఖాళీ పాక చూసి మూడు రోజులు సరిగ్గా అన్నం తినలా, ఆరేళ్ళ పిల్లకి ఏం చెప్తాం. బొమ్మ అయినా కొనిపెడదామని బీసెంట్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగాం. టెడ్డీలున్నాయి, పాండాలున్నాయి, యూనికార్న్ అయితే ప్రతి షాపులోనూ ఉంది, ఆవు అంటే నల్లమచ్చల సీమావే, గేదె మాత్రం ఎక్కడా లేదు. పొద్దున్నే మనం తాగే కాఫీలోకి పాలు యూనికార్న్ ఇస్తందా అసలు?

పైగా అంతకుముందు ఒక షాపులో 600 పెట్టి కొన్న టెడ్డీ కన్ను రెండో వారానికే ఊడింది, ఊడింది ఎక్కడ దొరికిందంటే మా చిన్నోడి నోట్లో, వాడికప్పుడు పది నెలలు. అప్పట్నుంచీ బొమ్మ కొనాలంటే మా ఆయనకి భయం. తెలిసినావిడ ఎవరో ఈ అక్క గురించి చెప్తే వెళ్ళాం.

ఫోటో ఒకటి చూపిస్తే చాలనుకున్నా. చాల్లేదు. పక్కనుంచి తీసింది, వెనక నుంచి తీసింది, కొమ్ములు కనపడేది అన్నీ అడిగింది. "కొమ్ములు ముర్రాదానికి లాగా చుట్ట తిరిగినయ్యా, నాటుదానికి లాగా వెనక్కి పోయినయ్యా అమ్మా?" అంది. నేను బిక్కమొహం వేశా, ఇరవై ఏళ్ళు ఆ పాల మీద బతికి కొమ్ము ఎటు వంగిందో చెప్పలేకపోయా. అక్కడే నిలబడి అమ్మకి ఫోన్ చేస్తే "వెనక్కేనే, కుడి కొమ్ము కొస కొంచెం విరిగిపోయింది, గుంజకేసి రుద్దీ రుద్దీ" అంది. అక్క అది కూడా నోటుబుక్కులో రాసుకుంది. తర్వాత రంగు. నలుపే కదా అన్నా. "నలుపు కాదమ్మా, రేపు పొద్దున పాలకెళ్ళినప్పుడు ఎండలో చూడండి, డొక్కల దగ్గర మట్టిరంగు తేలిద్ది" అంది. చూశా. నిజమే. ఆవిడ రోజూ పాలకి వెళ్ళి పాకల దగ్గర పావుగంట ఊరికే నిలబడి చూసొస్తదంట, పాలాయన ఈవిడకి ఏదో అయ్యిందనుకున్నాడంట మొదట్లో.

మధ్యలో రెండుసార్లు వెళ్ళి కుడుతుంటే కూర్చుని చూశా, నాకు అదో పిచ్చి. ఫర్ క్లాత్‌ని కత్తెరతో కొయ్యదు, వెనక్కి తిప్పి బ్లేడుతో అడుగు గుడ్డ ఒక్కటే కోస్తది, కత్తెర పెడితే బొచ్చు కూడా తెగి కుట్టు దగ్గర గుండు కొట్టించుకున్నట్టు కనపడిద్దంట. బొచ్చు వాలు మొహం నుంచి తోక వైపుకే ఉండాలి, లేకపోతే పిల్ల నిమిరినప్పుడు చేతికి ఎదురు తగిలిద్ది. తిరగేసి కుట్టి, బయటికి లాగి, కుట్టులో ఇరుక్కున్న బొచ్చుని సూదితో ఒక్కో చోటా పైకి లేపుతది, అది చూస్తే మంగలి షాపు గుర్తొచ్చింది నాకు. కొమ్ములకి పాత ప్యాంటు గుడ్డ వాడింది. నిటారుగా కూరిన కొమ్ముని లోపలి వైపు దారం పెట్టి లాగితే ముడతపడి దానంతటదే వంగింది, ఇంతేనా అనిపించింది గానీ ఇంటికొచ్చి నేను సాక్సుతో ప్రయత్నిస్తే పొట్లకాయ వచ్చింది.

నాకు బాగా నచ్చింది సూదుల లెక్క. రోజుకి అయిదే సూదులు తీస్తది, రాత్రి అయిదూ డబ్బాలో పడితేగానీ లైటు తియ్యదు. ఒకరోజు నాలుగే వచ్చినయ్యంట, కుట్టేసిన కుందేలు పొట్ట మళ్ళీ విప్పి దూదంతా పీకి వెతికితే, చివరికి ఆవిడ చీర కుచ్చిళ్ళలో దొరికిందంట.

కళ్ళ సంగతి కూడా చెప్పాలి. పిల్లల వయసు అడక్కుండా ఆర్డర్ రాసుకోదు. పెద్దపిల్లలకి అయితే వెనక వాషర్ బిగించే ప్లాస్టిక్ కళ్ళు పెడతదంట, మా ఇంట్లో చిన్నోడున్నాడని తెలిసి దారంతోనే కుట్టింది. ఐఎస్ఐ మార్కు లేదేంటని మా ఆయన అడిగాడు, 2021 జనవరి నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకి అది తప్పనిసరి కదా అని. ఆవిడేం కోపం తెచ్చుకోలా, చేతివృత్తుల కార్డు తీసి చూపించింది, కేంద్ర హస్తకళల ఆఫీసులో రిజిస్టరయిన కళాకారులకి దాన్నుంచి మినహాయింపు ఉందంట. "కార్డు ఉందని కన్ను ఊడకుండా ఉండదు బాబూ, లాగి చూడండి" అని కుట్టిన బొమ్మ ఇచ్చింది. మా ఆయన లాగాడు కూడా, సిగ్గులేకుండా.

గోడకి కొండపల్లి బొమ్మలు పెట్టిన అర ఉంది. తాడిచెట్టు ఎక్కే మనిషి, అంబారీ ఏనుగు. చిన్నప్పుడు నాన్న కొనిచ్చిన ఏనుగు విరిగితే, తల వేరే, మొండెం వేరే, కాళ్ళు వేరే చెక్కి అతికించారని అప్పుడు తెలిసిందంట. తెల్లపొణికి చెక్క ముక్కల్ని మక్కుతో, అదే చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన ముద్దతో అతుకుతారు కదా. "నేనూ అదే పని, మక్కు బదులు దారం" అంది. నేను టెడ్డీలు చూసి నేర్చుకుందనుకున్నా.

ఇంకోటి, ఆవిడ కుట్టే ఏనుగులకి తొండం పొట్టి. ఎందుకంటే 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు అక్కావాళ్ళు సింగ్‌నగర్‌లో కింద పోర్షన్‌లో ఉన్నారు, మిషను మునిగింది, దూది మూటలు తడిసినయ్యి, పదేళ్ళుగా దాచుకున్న కాగితం అచ్చులన్నీ బురదలో కలిసిపోయినయ్యి. మళ్ళీ గుర్తున్నంతలో కత్తిరించుకుంది, తొండం మాత్రం పాత కొలత కుదరలేదంట. పాత ఏనుగు కొన్నవాళ్ళెవరన్నా ఉంటే ఒకసారి తెచ్చివ్వమని అడుగుతంది, మీలో ఎవరి దగ్గరైనా ఉంటే ఇవ్వండి పాపం.

ఇక తిట్లు. 1,650 తీసుకుంది, సగం ముందే ఇవ్వాలి. డిసెంబర్ నెలాఖరుకి ఇస్తానని సంక్రాంతికి రెండు రోజుల ముందు ఇచ్చింది, పన్నెండు రోజులు లేటు, ఈలోపు పాప ప్రశ్నలకి నేను జవాబు చెప్పుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఫోన్ ఎత్తదు, ఎన్నిసార్లు చేసినా అంతే. ఎడమ చెవి కుట్టు వారానికే కొంచెం వదులైంది, తీసుకెళ్తే అప్పటికప్పుడు బిగించి ఇచ్చింది, డబ్బులు అడగలా, కానీ ఆటోకి నాకు రానూపోనూ 160 అయ్యింది. ఆ ముదురు రంగు ఫర్ మీద ఇంట్లో ఉన్న నూగంతా చేరిద్ది. మిషన్లో వెయ్యొద్దంది, సర్ఫు నీళ్ళలో గుడ్డ ముంచి తుడిచి నీడలో ఆరబెట్టాలి. తొందరగా కావాలి, చవగ్గా కావాలి అనుకునేవాళ్ళు ఈ అక్క దగ్గరికి వెళ్ళొద్దు, ఆవిణ్ణి విసిగించొద్దు. నేనైతే అయిదుకి నాలుగు ఇస్తా, ఆ ఒకటి లేటు చేసినందుకు.

సంక్రాంతికి బొమ్మల కొలువులో గౌరిని దశావతారాల కింద మెట్టు మీద పెట్టాం. మా అమ్మ వచ్చి చేతిలోకి తీసుకుని, ఏం మాట్లాడకుండా కుడి కొమ్ము కొస వేలితో తడిమింది. కాసేపాగి "అంతా బానే ఉందిగానీ పలుపేదే?" అంది. నవ్వుకుంటా అక్కకి మెసేజ్ పెట్టా. నాలుగు రోజులకి కొరియర్‌లో కవరొచ్చింది, అందులో జనపనారతో పేనిన బుల్లి పలుపు, "మెడకి చుట్టుకుంటారని జానెడే పెట్టా" అని చీటీ.

ఇప్పుడు మా పాప రోజూ రాత్రి గౌరిని మంచం కోడు దగ్గర కట్టేసి, ముందు గిన్నెలో నీళ్ళు పెట్టి పడుకుంటంది. తెల్లారుజామున లేచి చూసుకోకుండా ఆ గిన్నె తన్నేసి ఇప్పటికి రెండుసార్లు జారిపడ్డా.