ఆపరేషనా, కరెంటా: నోటి, గొంతు క్యాన్సర్లకు ఏది మేలు?

నోటిలోనో గొంతులోనో క్యాన్సర్ ఉందని ముక్క పరీక్షలో తేలగానే కోనసీమలో ఇంటివాళ్లు మొదట అడిగేది "ఆపరేషనా, కరెంటు పెట్టించాలా?" అని. కరెంటంటే రేడియేషన్. గడ్డ ఎక్కడ పుట్టిందో తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు.

బుగ్గ, నాలుక, చిగురు వంటి చోట్ల, కోసి తీయగలిగిన దశలో ఉంటే ఆపరేషన్‌దే పైచేయి. "మెడలో ఏ బిళ్లా తగలడం లేదు కదండీ, అక్కడ గాటెందుకు?" అని సర్జన్‌ను బతిమాలేవాళ్లు ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు 2015లో ప్రకటించిన ఫలితం తెలుసుకోవాలి. తొలిదశ నోటి క్యాన్సర్‌లో మెడలోని లింఫ్ గ్రంథులను (క్యాన్సర్ మొదట పాకేది సాధారణంగా వీటికే) ముందే తీయించుకున్నవారిలో 80 శాతం మంది మూడేళ్ల తరువాత బతికి ఉండగా, బిళ్ల కనిపించేదాకా ఆగినవారిలో 67.5 శాతం మందే ఉన్నారు.

స్వరపేటిక సంగతి వేరు. చుట్టలు కాల్చిన మా పెదనాన్నగారికి దాన్ని పూర్తిగా తీసేశారు. ఆయన పలక మీద రాసి చూపితే, చదవడం రాని దొడ్డమ్మ మనవణ్ణి కేకేసి చదివించుకునేది. అమెరికాలో 1991లో వెలువడిన పరిశోధనలో, ముందు కీమో, తరువాత రేడియేషన్ అనే పద్ధతికి కేటాయించినవారిలో 64 శాతం మందికి స్వరపేటిక నిలిచింది. రెండేళ్ల తరువాత బతికి ఉన్నవారి శాతం ఆపరేషన్ వర్గంతో సమానంగానే ఉంది. అయితే గడ్డ మృదులాస్థిని తొలుచుకుని బయటికి వచ్చేసిన రోగికి నేటికీ ఆపరేషనే మేలు.

కోత లేదు కదా అని రేడియేషన్‌ను తేలికగా తీసుకోకూడదు. సాధారణంగా 70 గ్రే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) మోతాదును 35 సిట్టింగులుగా, వారానికి ఐదు చొప్పున ఏడు వారాలు ఇస్తారు. మూడో వారానికి నోరు పూసి, మజ్జిగన్నం కూడా దిగదు. ఆ స్థితిలో అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా రోజూ కాకినాడకు బస్సులో తిరిగే మనిషి నాలుగు రోజులు మానేస్తే, ఆ విరామంలో గడ్డ మళ్లీ పుంజుకుంటుంది. కాకినాడలోనే గది అద్దెకు తీసుకోవడం నయం. పుచ్చిన పళ్లను రేడియేషన్ మొదలుపెట్టకముందే పీకించాలి. తరువాత పీకిస్తే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదముంది.

ఆపరేషన్‌తో అంతా అయిపోతుందన్న ధీమా కూడా తప్పే. ముదిరిన గడ్డ అయితే ఆరు వారాల లోపు రేడియేషన్ మొదలుకావాలి. కోత అంచున క్యాన్సర్ మిగిలినా, అది గ్రంథి పొరను చీల్చుకుని వచ్చినా సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా తోడవుతుంది. అందుకే సర్జన్, రేడియేషన్ డాక్టరు, కీమో డాక్టరు ముగ్గురూ ఒకే ఫైలు చూసి మాట్లాడుకున్నాకే సంతకం పెట్టాలి.