బాఖ్, బ్రామ్స్, ముసోర్గ్‌స్కీ, జినస్టెరా: ప్రోగ్ రాక్ చేతిలో ఎవరు బాగా పండారు?

1969 నుంచి 1973 దాకా ఇంగ్లండ్‌లోని ప్రోగ్రెసివ్ రాక్ (రాక్‌ని పొడవైన, క్లిష్టమైన రచనల వైపు తీసుకెళ్లిన ధోరణి, ముద్దుగా ప్రోగ్ రాక్) బ్యాండ్లు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద పడి ఎవరినీ వదల్లేదు. కొత్తగా వినేవాళ్లకు రెండు సందేహాలు వస్తాయి. దేనితో మొదలుపెట్టాలి? వీటిలో నిజంగా నిలబడేది ఏది? ఈ రెండింటికీ నా జవాబు ఒకటి కాదు. నాలుగు రికార్డులు తీసుకుని చెప్తాను: జెత్రో టల్ వాళ్ల ‘బూరే’, యెస్ వాళ్ల ‘క్యాన్స్ అండ్ బ్రామ్స్’, ఎమర్సన్ లేక్ అండ్ పామర్ వాళ్ల ‘పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్’, మళ్లీ వాళ్లదే ‘టొకాటా’.

వీటిని తూచడానికి నేను చూసేది ఒక్కటే. అసలు కృతిలో దాగి ఉన్నది ఏదైనా ఈ బ్యాండ్ వల్ల చెవికి అందిందా? వాయిద్యాలు మార్చడం ఎవరైనా చేస్తారు.

ఆ లెక్కన ‘క్యాన్స్ అండ్ బ్రామ్స్’ని ముందే పక్కన పెట్టొచ్చు. 1971లో వచ్చిన ‘ఫ్రాజైల్’ ఆల్బమ్‌లో ఇది రెండు నిమిషాలు కూడా లేని ముక్క. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ నాలుగో సింఫనీ మూడో భాగాన్ని యెస్ కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మన్ ఒక్కడే రకరకాల కీబోర్డుల మీద వాయించి ఒకదాని మీద ఒకటి రికార్డు చేశాడు. తీగవాద్యాల బదులు ఎలక్ట్రిక్ పియానో, ఇత్తడి వాద్యాల బదులు ఆర్గన్, ఇలా. వేరే కంపెనీతో ఉన్న ఒప్పందం అడ్డొచ్చి సొంత రచన ఇవ్వలేని పరిస్థితిలో చేసిన పని అది. వేళ్లలో నేర్పు ఉంది, సందేహం లేదు. కానీ బ్రామ్స్ ఆ భాగంలో ఆర్కెస్ట్రా మొత్తాన్ని ఒక్కసారిగా మీదికి వదులుతాడు. ఆ బరువు ఇక్కడ లేదు, దాని స్థానంలో కొత్తగా వచ్చిందీ ఏమీ లేదు.

‘బూరే’ సంగతి వేరు. బాఖ్ ల్యూట్ (గిటార్ లాంటి పాత తీగవాద్యం) కోసం రాసిన ఇ మైనర్ సూట్‌లోది, అంటే నాట్య రూపాల వరసలోది, ఆ ముక్క. క్లాసికల్ గిటార్ నేర్చుకునేవాళ్ల చేతికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే పాఠమే. అందులో రెండు గొంతులుంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. కిందిది పైదానికి శ్రుతి పట్టి ఊరుకోదు, అదీ తన పాట తాను పాడుతుంది. 1969లో ‘స్టాండ్ అప్’ ఆల్బమ్‌లో జెత్రో టల్ నాయకుడు ఇయన్ ఆండర్సన్ పై గొంతును ఫ్లూట్‌కి ఇచ్చాడు, కింది గొంతును గ్లెన్ కార్నిక్ బేస్ గిటార్ అందుకుంది. గిటార్ మీద ఒకే మనిషి వేళ్ల మధ్య కలిసిపోయే ఆ రెండు గొంతులు ఇద్దరు మనుషుల మాటల్లా విడివిడిగా వినిపిస్తాయి. పైగా నడక మార్చారు. బాఖ్‌లో సమంగా, చతురశ్రంలో నడిచే స్వరాలు ఇక్కడ జాజ్ వాళ్ల స్వింగ్‌లోకి, మన చెవికి తిశ్రం ఛాయ తగిలేలా ఊగుతాయి. బూరే అసలు నాట్యం కోసం పుట్టిన రూపమే కాబట్టి ఆ ఊపు దానికి బాగా నప్పింది. మధ్యలో ఆండర్సన్ ఫ్లూట్‌లోకి బుసలు కొడుతూ చేసే కల్పన, తర్వాత కార్నిక్ సోలో, మళ్లీ బాఖ్ దగ్గరికి రావడం, అంతా నాలుగు నిమిషాల లోపే. శాస్త్రీయ సంగీతమంటేనే టెన్షన్ పడేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలి. ఇది నచ్చనివాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఇక అందరూ ముందు చెప్పే పేరు ‘పిక్చర్స్’. 1873లో చనిపోయిన స్నేహితుడు, వాస్తుశిల్పి, చిత్రకారుడు విక్టర్ హార్ట్‌మన్ జ్ఞాపకంగా, అతని బొమ్మల ప్రదర్శన చూశాక రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకి రాసిన కృతి అది. మొత్తం పది బొమ్మలు. ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మ దగ్గరికి నడుస్తున్నట్టు ‘ప్రొమెనేడ్’ అనే బాణీ మళ్లీ మళ్లీ వస్తుంది. దాని ఎత్తుగడలోనే ఐదు అక్షరాలు, ఆరు అక్షరాలు మార్చి మార్చి వస్తాయి, అడుగులు సమంగా పడని నడక. లోకానికి బాగా తెలిసింది 1922లో ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ చేసిన ఆర్కెస్ట్రా రూపం.

ఎమర్సన్ బృందం దీన్ని 1971 మార్చి 26న న్యూకాసిల్ సిటీ హాల్‌లో జనం ముందు రికార్డు చేసింది. కీత్ ఎమర్సన్ తొలి ప్రొమెనేడ్‌ని ఆ హాల్లోని పైప్ ఆర్గన్ మీద వాయించాడు. రవెల్ దగ్గర ట్రంపెట్ ఒంటరిగా పలికే ఆ బాణీ ఇక్కడ భవనమంతా కలిసి పలుకుతున్నట్టు ఉంటుంది. తర్వాత వచ్చే ‘నోమ్’ మరుగుజ్జు బొమ్మ. పియానోలో కుంటుతూ, ఆగి, ఒక్కసారిగా ఎగిరిపడే ఆ కదలికని బేస్, డ్రమ్స్, హేమండ్ ఆర్గన్ (కరెంటుతో పలికే ఆర్గన్) కలిసి పట్టుకున్న తీరు నాకు రవెల్ కంటే ఎక్కువ ఇష్టం. మరుగుజ్జు కోపం ఇక్కడ నిజంగా భయపెడుతుంది.

అయితే పదింటిలో వీళ్లు తీసుకున్నవి నాలుగు బొమ్మలే. గుడ్డు పెంకుల్లోని కోడిపిల్లలు లేవు, ఎడ్లబండి లేదు, లిమోజ్ సంత లేదు. ఆ ఖాళీల్లో గ్రెగ్ లేక్ గిటార్ పట్టుకుని పాడే సొంత పాట ‘ది సేజ్’, ఒక బ్లూస్ ముక్క వచ్చి చేరాయి. ‘సేజ్’ మంచి పాట, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. బ్లూస్ ముక్క మాత్రం ఏ బ్యాండ్ అయినా వాయించగలిగేది, ముసోర్గ్‌స్కీకి దానితో సంబంధం తక్కువ. చివరి ‘గ్రేట్ గేట్ ఆఫ్ కీవ్’లో లేక్ గొంతు ఎత్తి పాడుతుంటే ఒళ్లు పులకరిస్తుంది, మధ్యలో ఆర్గన్‌ని గీపెట్టించే చోట మాత్రం కచేరీలో చూసినవాళ్లకు ఉన్నంత సరదా రికార్డు వినేవాళ్లకు ఉండదు. మొత్తమ్మీద ఇది సగం ముసోర్గ్‌స్కీ, సగం ఆ రాత్రి న్యూకాసిల్ ఉత్సాహం. అసలు కృతి తెలుసుకోవాలంటే పియానోనే వినాలి. 1958లో సోఫియాలో రష్యన్ పియానిస్ట్ రిక్టర్ వాయించిన కచేరీ రికార్డింగ్ దొరుకుతుంది, ప్రేక్షకుల దగ్గులతో సహా. రవెల్, ఎమర్సన్ ఇద్దరూ ఎక్కడెక్కడ దారి మళ్లారో దాంతో తెలిసిపోతుంది.

నా ఓటు ‘టొకాటా’కే. 1973లో వచ్చిన ‘బ్రెయిన్ సలాడ్ సర్జరీ’లో ఉంది. అర్జెంటీనా స్వరకర్త అల్బెర్టో జినస్టెరా 1961 నాటి మొదటి పియానో కన్చెర్టోలో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే కృతిలో) నాలుగో భాగం దీనికి మూలం. ఆ భాగంలో పియానోని తాళవాద్యంలా బాదుతారు, ఆర్కెస్ట్రా వెనక నుంచి తరుముతుంది. పియానోలో అణిగి ఉన్న ఆ దరువు డ్రమ్మర్ కార్ల్ పామర్ చేతిలో బయటికి వచ్చింది. ఎమర్సన్ సింథసైజర్లు (ఎలక్ట్రానిక్‌గా శబ్దాలు పుట్టించే వాయిద్యాలు) అరిచే అరుపు జినస్టెరా రాసిన కర్కశమైన స్వరాలకు సరిగ్గా అతికింది. ఇక్కడ ఖాళీ పూరించడానికి పెట్టిన ముక్క ఒక్కటీ లేదు.

మర్యాద విషయంలో కూడా ఇది మెరుగు. 1970లో ఇదే బ్యాండ్ తొలి ఆల్బమ్‌లో ‘ది బార్బేరియన్’ వచ్చింది. అది హంగేరీ స్వరకర్త బార్టోక్ 1911లో రాసిన ‘అల్లెగ్రో బార్బరో’ అని వింటే తెలిసిపోతుంది, కానీ మొదటి ముద్రణలో బార్టోక్ పేరే లేదు. అదే ఆల్బమ్‌లో చెక్ స్వరకర్త యానాచెక్ సంగీతానికీ అదే గతి పట్టింది. ఎంత బాగా వాయించినా ఆ పని నాకు మింగుడుపడదు. మూడేళ్ల తర్వాత ఎమర్సన్ జెనీవా వెళ్లి, జినస్టెరాని స్వయంగా కలిసి టేప్ వినిపించాడు. ఆయన ఒప్పుకోవడమే కాదు, మెచ్చుకున్నాడు కూడా. బతికున్న స్వరకర్త తన కృతిని రాక్ బ్యాండ్ చేతిలో విని సంతోషించిన సందర్భం ఇది. ఈ నాలుగింటిలో మిగతా మూడింటికి అలాంటి అవకాశమే లేదు.

కాబట్టి మొదట వినాల్సింది ‘బూరే’, తర్వాత ‘పిక్చర్స్’, ఆ మోతకి చెవి అలవాటు పడ్డాక ‘టొకాటా’. మొదటిసారి అది గోలలా అనిపించొచ్చు. అప్పుడు జినస్టెరా నాలుగో భాగం పెట్టుకుని విని, వెంటనే మళ్లీ దీనికి రండి. మధ్యలో పామర్ ఒక్కడే వాయించే చోట శ్రద్ధ పెట్టండి. అక్కడ వచ్చే ఎలక్ట్రానిక్ శబ్దాలు కీబోర్డువని చాలామంది పొరబడతారు. అవి సింథసైజర్‌కి కలిపిన డ్రమ్ములు, కొట్టేది పామర్.